ఏ1సీ 8.1, పరగడుపు 114. ఏ లెక్క నమ్మి మాత్ర పెంచాలి?

కావలి_కుర్రోడు
అమ్మ రిపోర్టులు పెడుతున్నా, చూసి చెప్పండి. వయసు 56, షుగర్ వచ్చి తొమ్మిదేళ్లు. మెట్‌ఫార్మిన్ 500 రోజుకు రెండు, గ్లిమిపిరైడ్ 1 మి.గ్రా. పొద్దున ఒకటి.

హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్టు, ఏ1సీ అంటారు) 8.1
పరగడుపు 114, టిఫిన్ తర్వాత 152 (రెండూ ల్యాబ్‌వే)
హిమోగ్లోబిన్ 8.9, ఎంసీవీ (ఎర్ర కణాల సైజు) 68, ఎర్ర కణాలు 39 లక్షలు, పీసీవీ (రక్తంలో ఎర్ర కణాల శాతం) 26.5
క్రియాటినిన్ 0.8

తొమ్మిది నెలల కిందట ఏ1సీ 7.0. అప్పుడు హిమోగ్లోబిన్ 11.4 ఉండింది. ఈ మధ్యలో మందులూ మారలేదు, తిండీ మారలేదు. ఏ1సీ చూసి గ్లిమిపిరైడ్ 2 మి.గ్రా. చేయమన్నారు. పెంచాలా వద్దా?

పొగతోట_ల్యాబ్
ముందు లెక్క చూద్దాం. ఏ1సీని 28.7తో గుణించి 46.7 తీసేస్తే సగటు షుగర్ ఎంతుండాలో వస్తుంది. 8.1కి అది 186. ఏ1సీ 6 అయితే 126, 7 అయితే 154, 8 అయితే 183, 9 అయితే 212. పరగడుపు 114, తిన్నాక 152 ఉన్న మనిషికి సగటు 186 ఎట్టా వస్తుంది? ఎక్కడో పొసగడం లేదు.

నా అనుమానం రక్తహీనత మీద. ఏ1సీ చూసేది షుగర్‌ని కాదు, హిమోగ్లోబిన్‌కి అంటుకున్న షుగర్ శాతాన్ని. ఎర్ర కణం సుమారు 120 రోజులు బతుకుతుంది, బతికినన్నాళ్లూ దాని హిమోగ్లోబిన్‌కి గ్లూకోజ్ అంటుకుంటూనే ఉంటుంది. ఐరన్ తక్కువైనప్పుడు కొత్త కణాలు సరిగ్గా తయారుగావు, ముసలి కణాలే ఎక్కువగా తిరుగుతుంటాయి. షుగర్ పెరగకపోయినా శాతం పెరిగి కనబడుతుంది.

ఎంసీవీ 68 అంటే కణాలు బాగా చిన్నవి. ఎర్ర కణాలు 39 లక్షలు, అంటే 3.9 మిలియన్లు. 68ని 3.9తో భాగిస్తే 17.4. ఇది 13 కన్నా తక్కువొస్తే తలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే హిమోగ్లోబిన్ లోపం) లక్షణం వైపు చూస్తాం, ఎక్కువొస్తే ఐరన్ లోపం వైపు. ఇది గుర్తు మాత్రమే, ఖాయం చేసుకోడానికి ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే టెస్టు) చేయించండి.

ఉదయగిరి_కొండ
ఇంత తంటా ఎందుకన్నా? టెస్టుకి నాలుగు రోజుల ముందు నుంచి అన్నం మానేసి రాగి సంకటి తింటే అన్నీ దిగొస్తాయి గదా 😀

పొగతోట_ల్యాబ్
@ఉదయగిరి_కొండ దిగేది పరగడుపు షుగర్ అబ్బయ్యా, ఏ1సీ కాదు. ఏ1సీలో దాదాపు సగం వాటా చివరి నెలది, పావు వాటా అంతకు ముందు నెలది, మిగతా పావు ఆ వెనకటి రెండు నెలలది. నాలుగు రోజుల సంకటి దాన్ని ఏమీ కదిలించలేదు. పైగా మాత్రల డోసు నిర్ణయించేది ఆ రిపోర్టు చూసే. నాలుగు రోజుల తిండికి సరిపోయే డోసు రాయించుకుని మళ్లీ మామూలు తిండికి పోతే ఎవరికి నష్టం?

గుండ్లకమ్మ
ల్యాబ్ వారి అనుమానం సబబే. కానీ ఐరన్ మీదికి తోసేసే ముందు ఒక పని మిగిలుంది. మన చేతిలో ఉన్నవి రెండే అంకెలు: పరగడుపు, టిఫిన్ తర్వాత. మన జిల్లాల్లో అసలు అన్నం పడేది మధ్యాహ్నం, రాత్రి. రెండిడ్లీ తిన్నాక 152 ఉన్న మనిషికి పులుసన్నం తిన్నాక 260 ఉండొచ్చు. అప్పుడు ఏ1సీ 8.1 నిజమే అవుతుంది. పరగడుపు బాగుందని మురిసిపోయేవాళ్లలో చాలామందికి ఏ1సీ ఎక్కువ రావడానికి కారణం ఇదే.

కావలి బాబూ, మామూలుగా తినే రెండు రోజుల్లో ఏడేసి సార్లు చూడండి: పరగడుపు, టిఫిన్ తర్వాత, మధ్యాహ్నం అన్నానికి ముందు, తర్వాత, రాత్రి భోజనానికి ముందు, తర్వాత, తెల్లవారుజాము 3 గంటలకు. "తర్వాత" అంటే మొదటి ముద్ద నోట్లో పెట్టిన దగ్గర్నుంచి రెండు గంటలు, చెయ్యి కడిగిన దగ్గర్నుంచి కాదు. మాత్రలు మామూలుగానే వేసుకోవాలి. టెస్టు ఉందని మాత్ర ఆపేస్తే వచ్చిన అంకెకు అర్థం ఉండదు.

తెల్లవారుజాము అంకె ముఖ్యం. గ్లిమిపిరైడ్ వేసుకునేవారికి ఆ వేళ 70 కంటే కిందికి పోతుంటే డోసు పెంచే మాటే ఎత్తకూడదు.

మైపాడు_గాలి
మీటర్ వాడేటప్పుడు రెండు సంగతులు. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. మామిడి పండు కోసిన చేత్తో పొడుచుకుంటే వేలికున్న తీపి కూడా లెక్కలో కలిసి 100 ఉన్నది 200 చూపిస్తుంది. స్పిరిట్‌తో తుడిస్తే చాలదు, నీళ్లతో కడగాలి. కడిగే వీలు లేకపోతే మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క తీసుకోండి.

రెండోది స్ట్రిప్పులు. చాలా కంపెనీల డబ్బా మీద 30 డిగ్రీలు మించకూడదని ఉంటుంది. రోహిణి కార్తెలో మన ఇళ్లలో 30 ఎక్కడుంటుంది? బండి డిక్కీలో, కిటికీ గట్టు మీద పెట్టొద్దు. ఫ్రిజ్‌లోనూ వద్దు, తేమ పడుతుంది. ఇంట్లో చల్లగా ఉండే గదిలో, మూత బిగించి, వాటి డబ్బాలోనే ఉంచాలి.

పెన్నా_గట్టు
ఈ కేసులో మీటర్ గురించి ఇంకోటి చెప్పాలి. పీసీవీ 26.5 అన్నారు. రక్తంలో కణాలు తగ్గితే చాలా మీటర్లు షుగర్‌ని ఉన్నదానికన్నా ఎక్కువగా చూపిస్తాయి. కణాలు ఎక్కువుంటే తక్కువగా చూపిస్తాయి. ఏ పీసీవీ దాకా పనిచేస్తుందో స్ట్రిప్పుల డబ్బాలో మడిచి పెట్టిన కాగితంలో రాసుంటుంది. కొన్నింటికి 30 నుంచి మొదలు, కొన్నింటికి 20 కంటే కిందికి కూడా ఉంటుంది. మీది చూసుకోండి.

మామూలుగా కూడా మీటర్‌కి తేడా ఉంటుంది. 2013 నాటి ఐఎస్ఓ ప్రమాణం 100 పైన 15 శాతం అటూ ఇటూ ఒప్పుకుంటుంది, 100 లోపు 15 మి.గ్రా. అటూ ఇటూ. ల్యాబ్‌లో రక్తం ఇచ్చిన క్షణానే మీటర్లో కూడా చూసి రెండూ పక్కపక్కన రాసుకుంటే మీ మీటర్ సంగతి తేలుతుంది.

కనిగిరి_పొగాకు
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. మా బాబాయికి దీనికి సరిగ్గా తిరగబడింది. డయాలసిస్ వారానికి మూడుసార్లు. ఏ1సీ 5.6 వచ్చింది, షుగర్ పోయిందని ఇంట్లో సంబరం. మీటర్లో చూస్తే 190 నుంచి 240. రక్తం పెరగడానికి ఇంజెక్షన్ వేస్తున్నారు, పోయిన నెల రక్తం కూడా ఎక్కించారు. మా వైపు కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఎక్కువే, చాలామందికి పనికొస్తుంది, కాస్త చెప్పండి.

గుండ్లకమ్మ
@కనిగిరి_పొగాకు ఆ 5.6ని పక్కన పెట్టేయండి. మూడు కారణాలున్నాయి, మూడూ ఒకే వైపు లాగుతున్నాయి. కిడ్నీ బాగా దెబ్బతిన్నవారిలో ఎర్ర కణాలు త్వరగా చనిపోతాయి. ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్‌తో లేత కణాలు గుంపుగా వస్తాయి, వాటికి గ్లూకోజ్ అంటుకునేంత వ్యవధి ఉండదు. ఎక్కించిన రక్తం ఇంకొకరిది, దాత షుగర్ లేని మనిషైతే ఏ1సీ ఆయనది కొంత, మీ బాబాయిది కొంత. రక్తం ఎక్కించాక మూడు నెలలదాకా ఏ1సీ చేయించడం డబ్బు దండగ.

5.6కి సగటు 114 ఉండాలి. మీటర్ 190 నుంచి 240 అంటోంది. ఆయనకూ రక్తం తక్కువే కాబట్టి మీటర్ కాస్త ఎక్కువ చూపిస్తుండొచ్చు, ఒకసారి ల్యాబ్ షుగర్‌తో సరిచూడండి. కానీ ఇంత తేడా మీటర్ వల్ల రాదు. డయాలసిస్ ఉన్న రోజు, లేని రోజు విడివిడిగా రాసి కిడ్నీ డాక్టరుకు చూపించండి. గ్లైకేటెడ్ అల్బుమిన్ (రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీన్‌కి అంటుకున్న షుగర్ శాతం) టెస్టు దొరికితే అది మేలు.

ఒక జాగ్రత్త. 240 చూసి ఇన్సులిన్ మీరే పెంచొద్దు. కిడ్నీలు పనిచేయకపోతే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచి ఉంటుంది, షుగర్ ఉన్నట్టుండి పడిపోతుంది.

ఉదయగిరి_కొండ
ఐరన్ తగ్గితే ఎక్కువ చూపిస్తుంది, కిడ్నీ పోతే తక్కువ చూపిస్తుంది. మరి ఈ టెస్టు ఎందుకు మేడం, ఎత్తేస్తే పోలా?

గుండ్లకమ్మ
రక్తం మామూలుగా ఉన్నవారికి దీనికి సాటి వచ్చేది లేదు. రెండు పెద్ద అధ్యయనాలు, 1993లో వచ్చిన డీసీసీటీ ఫలితాలు టైప్ 1 వారిలో, 1998 నాటి యూకేపీడీఎస్ టైప్ 2 వారిలో, ఏ1సీ తగ్గించి ఉంచితే కళ్లు, కిడ్నీలు దెబ్బతినడం తగ్గుతుందని తేల్చాయి. కన్ను ఎంత కాపాడబడుతుందో చెప్పగలిగేంత సాక్ష్యం మిగతా టెస్టులకు లేదు. ఎత్తేయడం కాదు, పక్కన హిమోగ్లోబిన్, క్రియాటినిన్ పెట్టుకుని చదవాలి.

ఎక్కువ చూపించేవి: ఐరన్ లోపం, బీ12 లేదా ఫోలేట్ లోపం, ప్లీహం తీసేసి ఉండటం. తక్కువ చూపించేవి: ఈ మధ్య రక్తం పోవడం లేదా ఎక్కించుకోవడం, కణాలు చితికిపోయే జబ్బులు, ఎరిత్రోపోయిటిన్, గర్భం, ఐరన్ మందులు మొదలెట్టిన కొత్త. డాప్సోన్ అనే మాత్ర కూడా, కుష్టుకూ కొన్ని చర్మవ్యాధులకూ వాడేది. డాప్సోన్ వేసుకుంటూ ఏ1సీ బ్రహ్మాండంగా ఉందంటే నమ్మకండి.

కావలి బాబు వాళ్ల అమ్మగారు మెట్‌ఫార్మిన్ తొమ్మిదేళ్లుగా వేసుకుంటున్నారు. అది బీ12ని తగ్గిస్తుంది. ఫెరిటిన్‌తో పాటు బీ12 కూడా చూడండి.

పొగతోట_ల్యాబ్
ల్యాబ్ వైపు నుంచి నాలుగు మాటలు. ఎక్కడ తప్పు జరుగుతుందో తెలిస్తే మీరే అడగొచ్చు.

ఏ1సీకి ఊదారంగు మూత ట్యూబు, అందులో రక్తం గడ్డ కట్టనివ్వని ఈడీటీఏ ఉంటుంది. పరగడుపున రానక్కర్లేదు, ఏ వేళైనా ఇవ్వొచ్చు. తీసిన వెంటనే ట్యూబును మెల్లగా ఎనిమిది పది సార్లు తలకిందులు చేయాలి, గడ్డ కడితే పనికిరాదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచితే వారం దాకా పాడవదు. అందుకే కందుకూరులోనో పొదిలిలోనో తీసిన శాంపిల్ మద్రాసు పోయి చేసుకొచ్చినా ఏ1సీకి ఇబ్బంది లేదు, ఐస్ పెట్టె సక్రమంగా ఉంటే.

షుగర్ శాంపిల్ అట్టా కాదు. అది బూడిదరంగు మూత, ఫ్లోరైడ్ ట్యూబు. మామూలు ట్యూబులో తీసి పెట్టేస్తే కణాలు గ్లూకోజ్‌ని తినేస్తూ పోతాయి, గంటకు 5 నుంచి 7 శాతం. ఎండ వేడికి ఇంకా ఎక్కువ. ఫ్లోరైడ్ కూడా మొదటి గంట రెండు గంటలు పూర్తిగా ఆపలేదు. పొద్దున ఏడుకి తీసిన రక్తం పదకొండుకి మిషనెక్కితే 140 ఉన్నది 114గా రావొచ్చు. కావలి తమ్ముడూ, మీ 114 తీసిన చోటే చేశారా, వేరే ఊరు పంపారా? అడగండి.

రిపోర్టులో పద్ధతి పేరు చూడండి. హెచ్‌పీఎల్‌సీ, క్యాపిలరీ ఎలెక్ట్రోఫోరెసిస్, బోరోనేట్, ఇమ్యునో అని రకరకాలు. ఎన్‌జీఎస్‌పీ (ఏ1సీ పద్ధతులు ఒకే ప్రమాణానికి సరిపోతున్నాయా అని చూసే కార్యక్రమం) ధ్రువీకరణ ఉందా అన్నది చూసుకుంటే చాలు. హెచ్‌పీఎల్‌సీ అయితే గ్రాఫు అడిగి తీసుకోండి. అందులో హిమోగ్లోబిన్ ఎఫ్ ఎక్కువున్నా, పేరు లేని శిఖరం కనబడినా, సికిల్, డి, ఈ లాంటి పుట్టుకతో వచ్చే వేరే రకం హిమోగ్లోబిన్ ఉండొచ్చు. అట్టాంటివాళ్లకి బోరోనేట్ పద్ధతిలో మళ్లీ చేయడం మంచిది.

పోయినసారి 7.2, ఈసారి 7.4 అని బెంగపడే ఫోన్లు రోజూ వస్తాయి. అది తేడానే కాదు. అదే రక్తం రెండు ల్యాబులకిస్తే 0.2, 0.3 అటూ ఇటూ వస్తుంది. 0.5 మారితే మారినట్టు లెక్క. అందుకే ఎప్పుడూ ఒకే ల్యాబు, ఒకే పద్ధతి. శిబిరాల్లో వేలి చుక్కతో అప్పటికప్పుడు చేసే చిన్న మిషన్లు ఎవరికి ఎక్కువుందో ఏరడానికి పనికొస్తాయి, 0.3 తేడా తేల్చడానికి కాదు.

కొన్ని రిపోర్టుల్లో 65 అనో 53 అనో ఇంకో అంకె ఉంటుంది, అది షుగర్ అనుకుని భయపడతారు. అదీ ఏ1సీనే, మిల్లీమోల్ లెక్కలో. శాతంలోంచి 2.15 తీసి 10.929తో గుణిస్తే వస్తుంది. 7 అంటే 53, 8.1 అంటే 65.

కావలి_కుర్రోడు
శాంపిల్ తీసిన చోటే అరగంటలో చేశారంట. మీటర్ కాగితంలో పీసీవీ 20 నుంచి 60 అని ఉంది. రెండు రోజులు ఏడేసి సార్లు చూశా, సగటున:
పరగడుపు 116, టిఫిన్ తర్వాత 158, అన్నానికి ముందు 121, తర్వాత 188, రాత్రికి ముందు 130, తర్వాత 181, తెల్లవారుజాము 118.
ఫెరిటిన్ 6. బీ12 మామూలుగానే ఉంది.

గుండ్లకమ్మ
ఏడూ కలిపితే 1012, సగటు 145. దీనికి తగ్గ ఏ1సీ 6.7. ఇందులో మూడు అంకెలు తిన్నాక ఎక్కి ఉన్నప్పటివి కాబట్టి అసలు సగటు ఇంకాస్త తక్కువే ఉంటుంది. మధ్యాహ్నం 188 కొంచెం ఎక్కువ, అన్నం ఒక గరిటె తగ్గించి కూర పెంచితే సరిపోవచ్చు. 8.1 మాత్రం ఆమె షుగర్‌ది కాదు.

ఇక ఫ్రక్టోసమిన్ చేయించండి. అది హిమోగ్లోబిన్ జోలికి పోదు, రక్తంలోని ప్రోటీన్లకి, ముఖ్యంగా అల్బుమిన్‌కి అంటుకున్న షుగర్‌ని కొలుస్తుంది. రెండు మూడు వారాల సంగతి చెబుతుంది. ఐరన్ లోపం దాన్ని కదిలించదు. కానీ అల్బుమిన్ కూడా పక్కనే చూడాలి. లివర్ జబ్బు వల్లో మూత్రంలో ప్రోటీన్ పోవడం వల్లో అల్బుమిన్ 3 కంటే తగ్గితే ఫ్రక్టోసమిన్ తప్పుడు తక్కువ చూపిస్తుంది. గ్లైకేటెడ్ అల్బుమిన్ శాతంలో ఇస్తారు కాబట్టి అల్బుమిన్ కాస్త తగ్గినా తట్టుకుంటుంది, మూత్రంలో ప్రోటీన్ విపరీతంగా పోతుంటే మాత్రం అదీ తక్కువే చూపిస్తుంది.

పెన్నా_గట్టు
1,5 ఏజీ అనే టెస్టు కూడా కొన్ని పెద్ద ల్యాబుల జాబితాలో ఉంటుంది, ఒకటి రెండు వారాల్లో షుగర్ ఎగిసిపడటాన్ని పట్టుకుంటుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వేసుకునేవారు దాని జోలికి పోవద్దు. ఆ మందులు షుగర్‌ని మూత్రంలోకి తోస్తాయి, దాంతో ఈ లెక్క తారుమారవుతుంది.

చేతికి అంటించే సెన్సర్ పెట్టుకునేవారికి ఇంకో దారి. 14 రోజులు, అందులో కనీసం 70 శాతం సమయం డేటా ఉంటే జీఎంఐ అనే అంకె (ఆ సగటు షుగర్‌కి తగ్గ ఏ1సీ అంచనా) ఇస్తుంది: సగటు షుగర్‌ని 0.02392తో గుణించి 3.31 కలిపితే అదే. సగటు 150కి 6.9. దీన్ని ఏ1సీతో పోల్చి తేడా ఎంతుందో గుర్తుపెట్టుకుంటే తర్వాత రిపోర్టులు చదవడం తేలిక. రోజులో 70 శాతం సమయం 70కీ 180కీ మధ్య ఉండాలి, 70 కంటే కింద 4 శాతం దాటకూడదు.

కావలి_కుర్రోడు
ఫ్రక్టోసమిన్ 298 వచ్చింది, మామూలు 200 నుంచి 285 అని రాశారు. అల్బుమిన్ 4.1.

పొగతోట_ల్యాబ్
298ని 0.017తో గుణించి 1.61 కలుపు. 6.7 వస్తుంది, నీ ఏడు అంకెల సగటుతో కలిసింది. ఇది మోటు లెక్క, ప్రతిసారీ ఇంత బాగా కలవదు.

గుండ్లకమ్మ
అయితే ఈ కాగితాలన్నీ పట్టుకుని మీ డాక్టరు దగ్గరికే వెళ్లి గ్లిమిపిరైడ్ పెంచాలో వద్దో మళ్లీ అడగండి. రక్తహీనత ఉందని చూపిస్తే ఎవరైనా ఆలోచిస్తారు. ఈలోగా చెమటలు, వణుకు, గుండెదడ వస్తే మీటర్ చూసి, 70 లోపుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి పావుగంటకు మళ్లీ చూడాలి.

దీనికంటే పెద్ద ప్రశ్న ఇంకోటుంది. 56 ఏళ్ల మనిషికి ఫెరిటిన్ 6కి ఎందుకు పడింది? నెలసరి ఆగి ఉంటే రక్తం ఎక్కడో పోతోంది. మొలలు, కడుపులో పుండు, పెద్దపేగు, నొప్పి మాత్రలు ఎక్కువగా మింగడం, అన్నీ చూడాలి. ఐరన్ మాత్రలు రాయించుకుని ఊరుకోవద్దు.

ఉదయగిరి_కొండ
ఈసారి నిజంగానే అడుగుతున్నా. అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు ఒంటిపూట భోజనం. దిగాక టెస్టు చేయిస్తే ఏ1సీ తగ్గి కనబడుతుందా?

పెన్నా_గట్టు
కనబడుతుంది, అది నిజమైన తగ్గుదలే. చివరి నెలకు సగం వాటా, ఆ నెల మొత్తం దీక్షలోనే పడుతుంది. సంక్రాంతికి అరిసెలు మొదలయ్యాక సంగతి వేరే, మార్చిలో ఇంకోసారి చూసుకుంటే దీక్ష దిగాక ఎట్టుందో తెలుస్తుంది. కానీ మాల వేసుకునే ముందే డాక్టరుని కలువు. రెండు పూటల తిండికి రాసిన గ్లిమిపిరైడ్ ఒంటిపూటకి ఎక్కువై తెల్లారి చన్నీళ్ల స్నానం దగ్గర కళ్లు తిరుగుతాయి.

మైపాడు_గాలి
మా చెల్లెలికి ఆరో నెల. ఏ1సీ 5.3, షుగర్ లేనట్టేనా?

గుండ్లకమ్మ
గర్భంలో ఏ1సీతో తేల్చకూడదమ్మా, ఆ నెలల్లో అది తక్కువే ఉంటుంది. 75 గ్రాముల గ్లూకోజ్ 300 మి.లీ. నీళ్లలో కలిపి ఐదు పది నిమిషాల్లో తాగించి, రెండు గంటలకు రక్తం తీస్తారు. తిని ఉన్నా ఫరవాలేదు. 140 లేదా పైన వస్తే గర్భిణీ షుగర్. తాగిన అరగంటలోపు వాంతయితే ఆ రోజు లెక్కలోకి రాదు, ఇంకో రోజు చేయాలి. 24 నుంచి 28 వారాల మధ్య తప్పకుండా చేయించాలి కాబట్టి మీ చెల్లెలికి ఇదే సమయం. ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ చేస్తారు.

కావలి_కుర్రోడు
గ్లిమిపిరైడ్ 1 మి.గ్రా. లోనే ఉంచమన్నారు. ఐరన్ మొదలెట్టారు, కడుపు డాక్టరుకి రాశారు. ఏ1సీ మళ్లీ ఎప్పుడు? మూడు నెలలకేనా?

పొగతోట_ల్యాబ్
మామూలుగా మందు మార్చినప్పుడు మూడు నెలలకోసారి, నిలకడగా ఉంటే ఆరు నెలలకోసారి. అమ్మకి అట్టా కుదరదు. ఐరన్ పడ్డాక లేత కణాలు వరదలా వస్తాయి, అప్పుడు చేస్తే 8.1 నుంచి ఒక్కసారిగా కిందికి, ఉన్నదానికన్నా కూడా కిందికి చూపించొచ్చు. హిమోగ్లోబిన్ మామూలుకొచ్చి నిలబడ్డాక ఇంకో మూడు నెలలు ఆగి ఏ1సీ చేయించండి. అందాకా నెలకోసారి ఏడు అంకెల పట్టిక, రెండు నెలలకోసారి ఫ్రక్టోసమిన్ చాలు. ఐరన్ మాత్రకూ టీకీ మధ్య కనీసం గంట రెండు గంటలు ఎడం ఉండాలి, పాలకూ అంతే. ల్యాబ్ చీటీ మీద "ఐరన్ వాడుతున్నారు" అని, ఏ తేదీన మొదలెట్టారో రాయించండి, గ్రాఫు చూసేవాళ్లకి అది కావాలి.